మూడో ప్రశ్నకు ముందు

"నీ కుడిచెయ్యి ఇట్ల పెట్టు రియాజ్. బొటనవేలు చూడాల."

స్టీరింగ్ మీదున్న చేతిని తీసి ఒళ్ళో దాచుకున్నాడు డ్రైవరు. సుల్తానాకు సగం జవాబు అక్కడే దొరికింది.

బుధవారం పొద్దున పది దాటి అయిదు నిమిషాలు. ఆఫీసు వెనక నిలిపిన కారులో, వెనక సీట్లో కూర్చుని ఉందామె. ఒళ్ళో నూట పదిహేడో నంబరు ఫైలు. ఖమీస్ ముషైత్ నగర హక్కుల కమిటీలో ఆమె పేరుకి దుబాసీ. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు తెలుగులోనో ఉర్దూలోనో ఏడుస్తూ చెప్పినదాన్ని అరబ్బీలోకి మార్చి చెప్పడం ఆమె ఉద్యోగం. కానీ ఈ ఏడేళ్ళలో ఆ ఏడుపు వెంట పోయి, ఇల్లు వెతికి, తలుపు తట్టి, దాచిన పాస్‌పోర్టులు బయటికి తెచ్చింది కూడా ఆమే. కడప జిల్లా నుంచి తానూ ఒకప్పుడు పనిమనిషిగానే వచ్చింది. పదో తరగతి తప్పిన మనిషి. ఆఫీసులో వెనకాల ఆమెను 'డిటెక్టివ్ మేడమ్' అని నవ్వుకుంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఏమున్నది సుల్తానా ఆపా నా వేల్ల?"

"గోటి సందులో నీలి ఇంకు ఉంది. డ్రైవరు చేతికి ఆయిలు మరక అంటుతాది. స్టాంపు ప్యాడు ఇంకు ఎట్ల అంటింది?"

అద్దంలో రియాజ్ కళ్ళు ఆమెను తప్పించుకుని కిటికీ వైపు పోయాయి.

ఫైలు తెరిచి చివరి కాగితం ముందుకు చాపిందామె. 'నా ఫిర్యాదు తీరింది. నా ఇష్టప్రకారమే యజమాని ఇంటికి తిరిగి పోతున్నాను.' కింద నీలిరంగు వేలిముద్ర. ఆదివారం తేదీ.

"ఇప్పుడు మొదటి కాగితం చూడు. హసీనా తన చేత్తో రాసుకున్న ఫిర్యాదు. నాలుగు పేజీలు. అక్షరాలు చూడు ముత్యాల మాదిరి ఉండాయి. ఇంటర్ చదివిన పిల్ల. ప్రతి పేజీ కింద సంతకం పెట్టింది. అట్లాంటి పిల్ల ఆఖరి కాగితం మీద వేలిముద్ర ఎందుకు ఏస్తాది రా? పనిమనిషి అంటే వేలిముద్రే అనుకున్యారు మీరు."

"ఆపా..."

"అది నీ వేలే గదా?"

రియాజ్ తల స్టీరింగ్‌కి ఆనింది. హైదరాబాదులో ముగ్గురు పిల్లలున్న మనిషి, చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు. "కాయితం ముంగట పెట్టిండు. వేలు పెట్టుమన్నడు. పెట్టిన. ఈడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు వచ్చే నెల అయిపోతది ఆపా. రెన్యువల్ ఆయన చేతుల్నే ఉన్నది."

"ఎవురు?"

"ఇంకెవలు? ఇష్తియాక్ భాయ్."

ఆ పేరు సుల్తానా ఊహించిందే. ఇష్తియాక్ కమిటీ కోఆర్డినేటరు. ఆదివారం నుంచి మంగళవారం దాకా ఏదో దుబాసీ పనుందని ఆమెను జెడ్డాలో బలద్ పేటకి తరిమింది అతనే. అక్కడ చూస్తే పని పూటలో అయిపోయేది. మూడు రోజులు ఎందుకని అడగలేకపోయింది.

"ట్రిప్పు పుస్తకంలో ఏం రాసినావు? ఆదివారం పదిన్నరకి హసీనాను కఫీల్ ఇంటికాడ దింపడానికి బయలుదేరినావు. పదకొండూ అయిదుకి తిరిగొచ్చినావు. ఆ కఫీల్ ఇల్లు ఊరు దాటి లోయ అవతల ఉంది. పోను నలభై, రాను నలభై. ముప్పై అయిదు నిమిషాల్లో ఎట్ల వస్తివి? రెక్కలు గాని కట్టుకున్యావా?"

"అది గూడ ఆయనే రాపిచ్చిండు."

"నిజం ఎప్పుడు?"

"పొద్దుగాల ఆరింటికి. ఇంటికి గాదు. ఎయిర్‌పోర్టుకు."

సుల్తానా చేతిలోని కాగితాలు సీటు మీదికి జారాయి. కఫీల్ అంటే వీసా మీద తెచ్చుకున్న యజమాని. అతని ఇంట్లోనే హసీనా భుజం మీద ఇస్త్రీపెట్టె అంటించారు. 'మళ్ళీ ఫిర్యాదు చేస్తే ప్రాణాలతో పోనివ్వనన్నాడు' అని నాలుగో పేజీ ఆఖరి వాక్యం. ఫైలు తెరిచి ఉన్నంత కాలం అతను ఆ పిల్లను ముట్టుకోవడానికి లేదు. మూసిన గంట నుంచి మళ్ళీ ఆమె అతని మనిషి. ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. తప్పించుకుంటే పారిపోయిందని కేసు పెట్టొచ్చు.

"ఏ ఊరికి పంపించినారు?"

"పిల్లల మీద ఒట్టు, నాకు తెల్వదు ఆపా. కఫీల్ చెల్లెలంట, ఒకామె పక్కన కూసున్నది. దారి పొడుగూత హసీనా ఒక్క మాట మాట్లాడలే. దిగేటప్పుడు మాత్రం 'సుల్తానమ్మ ఎప్పుడొస్తాది అన్నా?' అని అడిగింది. బుధవారం అని చెప్పిన."

"ఏమనింది?"

"నవ్వింది ఆపా. ఏడ్చినా బాగుండు."

* * *

పదీ నలభైకి ఆమె పై అంతస్తులో ఆడవాళ్ళ గది తలుపు తీసింది. ఫిర్యాదు తేలేదాకా దిక్కులేని ఆడవాళ్ళు తలదాచుకునే గది. నాలుగు మంచాలు. ఇవాళ నాలుగూ ఖాళీ. రేపు పొద్దున తొమ్మిదింటికి రియాద్ నుంచి పరీక్షకులు వస్తారు కాబట్టి గదిని కడిగి, అత్తరు కొట్టి, దుప్పట్లు మార్చేశారు. ఎవరూ ఎన్నడూ పడుకోని గదిలా ఉంది.

కిటికీ పక్క మంచం హసీనాది. సుల్తానా మోకాళ్ళ మీద కూర్చుని కిందికి వంగి చూసింది. గోడ ప్లగ్గులో ఫోను చార్జరు అట్లాగే ఉంది. పరుపు కింద చెయ్యి పెట్టి తడిమింది. సగం వాడిన కాలిన పుండ్ల మందు ట్యూబు తగిలింది. ఇష్టపడి పోయే మనిషి చార్జరు మరిచిపోతుందేమో గానీ, పుండు మానకుండా మందు మరిచిపోతుందా? సర్దుకోవడానికి అయిదు నిమిషాలైనా ఇవ్వలేదు. ఏ గుడ్డలతో ఉందో ఆ గుడ్డలతోనే లేపుకుపోయారు. ఆ భుజం ఈపాటికి చీము పట్టి ఉంటుంది. జ్వరం వచ్చి ఉంటుంది. అడిగే దిక్కుండదు. ఒకటి అనుకుంటే పది తోస్తాయి సుల్తానాకు.

బీరువా తలుపు లోపలి వైపు, కడిగినవాళ్ళ కంట పడని చోట, రొట్టెల అంగడివాళ్ళు ఊరికే పంచే నమాజు వేళల కార్డు అంటించి ఉంది. ఈ ఊరి వేళలు, ఈ నెలవి. జుహర్ వరసలో రోజుకొక పెన్సిలు టిక్కు. మధ్యాహ్నం నమాజు కాగానే ఒక టిక్కు పెట్టుకునేదా పిల్ల. ఇంకో రోజు బతికి బయటపడ్డాను అన్నట్టు. సుల్తానా వేలు పెట్టి లెక్కించింది. పదమూడు. ఆఖరి టిక్కు శనివారం. ఆదివారం గడిలో 12:23 అని అంకె ఉంది, టిక్కు లేదు.

శనివారం సాయంత్రం జెడ్డాకు బయలుదేరుతూ ఈ మంచం మీదే కూర్చుని చెప్పింది తను: "రోజూ మసీదు మైకులో జుహర్ బాంగు కాగానే నాకొక మిస్డ్ కాల్ ఇయ్యి హసీనా. రింగు పడి ఆగితే చాలు, బాగుండావని అనుకుంటా." ఆదివారం రాలేదు. బ్యాలెన్సు అయిపోయిందేమో అనుకుంది. సోమవారం రాలేదు. ఫోను పోయిందేమో అనుకుంది. మంగళవారం తనే చేసింది, స్విచాఫ్ అని వచ్చింది.

మిస్డ్ కాల్ అలవాటు ఆమెకు కూతురితో వచ్చింది. నౌషీన్‌కి ఇరవై రెండు. తూర్పు తీరాన అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా పేటలో ఏదో ఫోన్ల ఆఫీసులో పని. ఆస్పత్రులవాళ్ళ కోసం సర్వే కాల్స్ అని చెప్పింది. రోజుకు మూడుసార్లు తల్లి ఫోను చేస్తుంది, కూతురు నవ్వుతుంది. "నువ్వు జుహర్ కాగానే చేస్తావు, నాది అరగంట ముందే అయిపోతాదమ్మా. నేను నమాజు చేసుకుని అన్నం కూడా తినేసి ఉంటా. మీ ఊళ్ళో ఇంకా బాంగే కాదు!" తూర్పున పొద్దు ముందు పొడుస్తుందని బళ్ళో చదివిందే. అది ఒక అరగంటై తన బిడ్డకీ తనకీ మధ్య నిలబడుతుందని ఎవరు చెప్పారు?

మొన్న ఆదివారం సాయంత్రం నౌషీన్ గొంతు అదోలా ఉంది. "అమ్మా, మీ ఆఫీసులో కాల్ రికార్డులు నీకు వినిపిస్తారా?" అని అడిగింది. "నాకెందుకు వినిపిస్తారే, నేనేమన్నా ఆఫీసర్నా? తింటివా లేదా?" అందామె. "తిన్యా" అని పెట్టేసింది.

ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో సుల్తానాకు తెలియలేదు. కార్డు పీకి మడిచి ఫైలులో పెట్టుకుని కిందికి దిగింది.

* * *

"రండి డిటెక్టివ్ మేడమ్. కూర్చోండి. నా డ్రైవర్‌ని బాగా ఏడిపించారట?"

ఇష్తియాక్ బల్ల మీద ఫైళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. మూతపడిన ప్రతి ఫైలుకీ ఆకుపచ్చ చీటీ. ముప్పై అయిదేళ్ళవాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, నలగని మాట. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

"హసీనా యాడుంది సార్?"

"వన్ సెవెన్టీన్? క్లోజ్డ్."

"నేను అడిగింది ఫైలును కాదు. పిల్లను."

అతను కలం మూత పెట్టాడు. "సుల్తానాగారూ, మీకు అర్థమయ్యేలా చెప్తాను. రేపు ఇవాల్యుయేషన్. మనకి డబ్బిచ్చే ఫండు మూడేళ్ళకొకసారి మార్కులు వేస్తుంది. పదిహేను రోజుల్లోపు ఎన్ని కేసులు క్లోజ్ అయ్యాయి, ఫిర్యాదు చేసినవాళ్ళలో ఎంతమంది తృప్తిగా ఉన్నామన్నారు, అంతే. ఎనభై వస్తే మనకి మూడేళ్ళు డబ్బొస్తుంది. డెబ్బై తొమ్మిదొస్తే తాళం. శనివారం రాత్రికి మన లెక్క డెబ్బై తొమ్మిది. సోమవారానికి హసీనా ఫైలుకి పదిహేను రోజులు దాటేవి, ఇంకో రెండు పోయేవి."

"అందుకని పిల్లను అమ్మేసినారా?"

"మాటలు జాగ్రత్త." కానీ అతని గొంతు పెరగలేదు. "పోయినేడాది ఉత్తరాన ఒక కమిటీకి డెబ్బై ఆరు వచ్చింది. మూసేసిన రోజు లోపల అయిదుగురు ఆడవాళ్ళున్నారు. గదికి తాళం వేసి వాళ్ళని ఫుట్‌పాత్ మీద నిలబెట్టారు. ఆ సాయంత్రమే కఫీళ్ళు వచ్చి ఒక్కొక్కళ్ళనే ఎక్కించుకుపోయారు. మనం ఈ మూడేళ్ళలో నాలుగు వందల పన్నెండు మందిని కాపాడాం. ఒక్క ఫైలు కోసం ఆ తలుపు మూసేద్దామంటారా? చెప్పండి, నా కుర్చీలో మీరే ముదీర్‌గా ఉంటే ఏం చేస్తారు?"

అతను చెప్పింది అబద్ధమైతే బాగుండేది. ఆ పై గదిలో పడుకుని ప్రాణాలు దక్కించుకున్న మొహాలు ఒక్కొక్కటే సుల్తానా కళ్ళముందు తిరిగాయి.

"ఫిర్యాదు తీరిందా లేదా అని అడిగేవాళ్ళే లేరా సార్ ఆ ఫండులో? మూసినారా లేదా అంతేనా?"

"అంతే. ఫారం అలా ఉంది. నేను చేసింది కాదు."

"వేలిముద్ర మాత్రం మీరు చేసిందే. నాలుగు పేజీలు రాసిన పిల్లతో వేలిముద్ర! రేపు వాళ్ళ ముందర ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడతా."

ఇష్తియాక్ నవ్వాడు. సొరుగులోంచి చిన్న స్పీకరు తీసి ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. "పెట్టండి. వాళ్ళు కాగితం చూడరు, కాల్ వింటారు. ప్రతి క్లోజ్డ్ కేసుకీ ఫండువాళ్ళే బయట కంపెనీతో ఫోన్ చేయిస్తారు, ఫిర్యాదు చేసినవాళ్ళ భాషలో. మూడే ప్రశ్నలు. అడిగేదెవరో మనకి తెలియకూడదని వాళ్ళ గొంతు మిషన్‌తో మార్చేస్తారు. వినండి, మీ హసీనా ఏం చెప్తోందో."

తెర మీద వేళ కనిపించింది: ఆదివారం, 11:52.

'మీ ఫిర్యాదు కమిటీవారు విన్నారా?' డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టున్న మిషన్ గొంతు.

'విన్నారు.' హసీనా గొంతే. సన్నగా, ఎవరో పక్కన నిలబడి ఉన్నట్టు.

'మీరిప్పుడు క్షేమంగా ఉన్నారా?'

'ఉన్నాను.'

తర్వాత నిశ్శబ్దం. మూడో ప్రశ్న రాలేదు. ఆ నిశ్శబ్దంలో హసీనా వెనకనుంచి, దగ్గర్లోని మసీదు మైకులోంచి బాంగు మొదలైంది. వయసు మళ్ళిన గొంతు. మధ్యలో ఒకచోట ఆగి చిన్నగా దగ్గి మళ్ళీ అందుకుంది. చాలాసేపు అదే వినిపించింది. ఆ తర్వాతే, 'ఫైలు మూసేయడం మీ ఇష్టప్రకారమేనా?'

'...అవును.'

ఇష్తియాక్ స్పీకరు కట్టేశాడు. "చాలా? ఇంట్లో ఉంది, బాగుంది, అవునంది. ఇంకేం కావాలి?"

సుల్తానా ఫైలులోంచి కార్డు తీసి బల్ల మీద పరిచింది.

"ఏ ఇంట్లో సార్? ఇది ఈ ఊరి కార్డు. ఆదివారం జుహర్ ఎన్నింటికి? పన్నెండూ ఇరవై మూడు. మీ రికార్డులో బాంగు పదకొండూ యాభై మూడుకే వచ్చింది. అరగంట ముందే ఈ ఊళ్ళో ఏ మసీదులో బాంగు ఇస్తారు?"

అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"జెడ్డాలో అయితే ఇంకా ఆలస్యం, నిన్న వినే వచ్చినా. రియాద్‌లో కూడా పన్నెండు దాటుతాది. పన్నెండు లోపల అయ్యేది తూర్పున సముద్రం ఒడ్డున. పొద్దున ఆరింటికి ఎయిర్‌పోర్టు, పదకొండూ యాభై రెండుకి అక్కడ ఫోను. సరిగ్గా సరిపోయింది. పిల్లను ఖోబర్ పక్కకు పంపినారు!"

"గెస్ చేస్తున్నారు."

"గెస్సు కాదు సార్!" గొంతు తనకు తెలియకుండానే లేచింది. మూడు రోజుల దిగులంతా ఒక్కసారి నోటికొచ్చింది. "నా బిడ్డ ఖోబర్‌లోనే ఉండాది. అజీజియాలో ఫోన్ల ఆఫీసులో పని. దినామూ మాట్లాడతా ఉంటా. దానికి జుహర్ ఎన్నింటికైతాదో నాకు తెలీదా?"

ఇష్తియాక్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా స్పీకరు మళ్ళీ పెట్టాడు. నిశ్శబ్దం దగ్గరికి జరిపాడు. గడియారం వైపు చూస్తూ మొత్తం విన్నాడు.

"నలభై సెకన్లు," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య అయిదు సెకన్లు దాటితే వాళ్ళకి ఫైన్. అయినా అడిగే మనిషి ఆగింది. నేను లైన్ ప్రాబ్లం అనుకున్నాను. లైన్ కాదు. బాంగు రికార్డులో పడాలని ఆగింది." తల ఎత్తాడు. "మీ అమ్మాయి ఏం కాల్స్ చేస్తుందన్నారు?"

"ఆస్పత్రి సర్వేలు..."

ఆ మాట నోట్లో ఉండగానే సుల్తానాకు ఆదివారం సాయంత్రం గుర్తొచ్చింది. కాల్ రికార్డులు నీకు వినిపిస్తారా అమ్మా? బిడ్డ తనకు చేతికందేలా ఒక దీపం పెట్టింది. తను దాన్ని ఎత్తి పట్టుకుని, ఎవరికి కనపడకూడదో వాడి మొహం మీదే వెలుగు వేసింది.

"ఇష్తియాక్ సార్, నా బిడ్డకు ఏం తెలీదు. దాన్ని వదిలెయ్యండి. రేపటిదాకా నోరు తెరవను. ఈ కార్డు మీరే చింపేయండి."

"ఆ మాట అయిదు నిమిషాల ముందు చెప్పి ఉంటే బాగుండేది." అతని మొహంలో గెలుపు లేదు. అతనూ భయపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "ఇల్లు మారితే ఆ పిల్ల నోరు మూసుకుంటుందనుకున్నాను అంతే. ఎవరికీ ఏం కాకూడదనే అనుకున్నాను."

కుర్చీ వెనక్కి నెట్టి వరండాలోకి పోయాడు. తలుపు సరిగ్గా పడలేదు. ఫోనులో ఎవరితోనో ఉర్దూలో గబగబా అంటున్నాడు. ఆమెకు ఆ ఒక్క మాటే స్పష్టంగా వినిపించింది: ఇవాళ జుహర్‌కి మసీదుకి ఎవరూ పోకండి, గేటు వదలొద్దు.

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు ఇంకా అందలేదు. గడియారం పదకొండూ నలభై ఎనిమిది.

* * *

మొదటిసారి నౌషీన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మెట్ల కింద గోడకు ఆనుకుని సుల్తానా మూడోసారి నొక్కింది. వాళ్ళు ముందే ఫోను లాక్కున్నారేమో, ఆఫీసు గదిలో కూర్చోబెట్టారేమో, లిఫ్టులో, రోడ్డు మీద... పదకొండూ యాభై ఒకటికి లైను కలిసింది.

"అమ్మా, తర్వాత చేస్తా." గుసగుస. వెనక రోడ్డు చప్పుడు.

"నౌషీన్! నూట పదిహేడో కాల్ నువ్వేనా చేసింది?"

"విన్యావా? వింటావని తెలుసమ్మా. బాంగు పట్టుకుంటావని తెలుసు." ఆ గొంతులో సంతోషం విని తల్లికి ఏడుపొచ్చింది. "కాగితం మీద సంతకం చేసినామమ్మా, కాల్స్ సంగతి ఎవరికీ చెప్పకూడదని. మా ఫోన్లు కూడా వింటారు, ఇంక వింటే విననీ. అందుకే ఆస్పత్రులని అబద్ధం చెప్పినా. ఫైలులో ఖమీస్ అని ఉంది, మీ కమిటీ పేరుంది. ఆ పిల్లేమో మాట్లాడతాంటే ఫోనులోంచి వచ్చే బాంగు, మా ఆఫీసు కిటికీలోంచి వచ్చే బాంగు రెండూ ఒకటే. ఆ తాత మధ్యలో దగ్గుతాడు గదా, ఆ దగ్గు కూడా ఒకేసారి రెండు చెవుల్లో వినపడింది. పక్క సందులోనే ఉందమ్మా ఆ పిల్ల!"

"యాడుండావు నువ్వు ఇప్పుడు? ఆఫీసులో ఉండావా?"

"లేదమ్మా. అరవకు. మూడు దినాల నుంచి మధ్యాన్నం సెలవులో ఆ మసీదు చుట్టూ సందులన్నీ తిరిగినా. నిన్న కనపడింది. మేడ మీద కిటికీలో. భుజం పైకి ఎత్తలేకపోతాంది. చేతులతోనే మాట్లాడుకున్యాం. ఇవాళ బాంగు మొదలు కాగానే మగాళ్ళందరూ మసీదుకు పోతారు, పది నిమిషాలు గేటుకాడ ఎవురూ ఉండరు. లోపలి గడియ ఆ పిల్ల తీస్తాది. టాక్సీ సందు మొగదల నిలబెట్టినా, నేను గేటు పక్క గోడ చాటున ఉండా."

వరండాలో విన్న మాట ఇప్పుడు అర్థమైంది సుల్తానాకు. గేటు వదలొద్దు.

"వద్దు తల్లీ! వెనక్కి రా! వాళ్ళు పోరు ఇవాళ, వాళ్ళకు తెలిసిపోయింది, నేనే చెప్పినా, నా నోటితో నేనే..."

"ఏందమ్మా? వినపడలా, బాంగు అయితాంది..."

నిజమే. ఫోనులోంచి మైకు గొంతు ఒక్కసారిగా పొంగింది. వయసు మళ్ళిన గొంతు. దాని కింద తల్లి కేకలు మునిగిపోయాయి. "నౌషీన్! పరిగెత్తు! గేటుకాడ ఉండారు!" మెట్ల మీదినుంచి ఎవరో తొంగి చూశారు. రియాజ్ బయటినుంచి పరిగెత్తుకొచ్చి నిలబడిపోయాడు.

బాంగు ఆగింది. చిన్నగా దగ్గు. ఆ దగ్గు సందులో, ఇనుప గడియ జారిన చప్పుడు.

"తీస్తాంది అమ్మా," అంది నౌషీన్, నవ్వుతున్నట్టు. ఫోను చెవి దగ్గరినుంచి దూరం జరిగింది. "హసీనా?"

జవాబు చెప్పింది మగ గొంతు.

తర్వాత ఫోనులో బాంగు ఒక్కటే మిగిలింది. అది కూడా తెగిపోయింది. సుల్తానా చేతిలోని తెర మీద 11:54. ఖమీస్‌లో జుహర్‌కి ఇంకా అరగంట ఉంది.